రెండు బాటిళ్లకు నాలుగు సంతకాలు

మంచిర్యాల స్టేషన్, రెండో నంబర్ ప్లాట్‌ఫాం. సోమవారం ఉదయం ఆరూ నలభై. సిమెంటు బెంచీ మీద పేపరు చదువుతున్న ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"గోదారిల నీళ్లెంత?"

"మోకాళ్ల లోతు," అన్నాడు పక్కన వచ్చి కూర్చున్న మనిషి.

కోడ్ సరిపోయింది. ఆవిడ పేపరు మడిచింది. పేరు నర్మద, జలనిఘా సెల్‌కి చీఫ్. ఫ్యాక్టరీ మురుగునీటిని వాగులోకి వదలాలంటే డిశ్చార్జి పర్మిట్ ఉండాలి. ఎంత వదలొచ్చు, ఎంత శుభ్రం చేసి వదలాలి, అంతా అందులో రాసి ఉంటుంది. రాసింది రాసినట్టు జరగని చోటికి నర్మద మనుషులు మారువేషంలో వెళ్తారు. వాళ్లకు పేర్లుండవు, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ నంబర్లుంటాయి. బెంచీ మీద కూర్చున్నవాడి కోడ్ నేమ్ నైన్. నీటికి చట్టం ఒప్పుకునే ఆఖరి అంకె అది, దాటితే నేరం. అసలు పేరు ఎబినేజర్. బెల్లంపల్లి బొగ్గుబావి కార్మికుడి కొడుకు, చిన్నప్పుడు మెథడిస్టు చర్చిలో పాటలు పాడినవాడు. ఇప్పుడు నలభై ఒకటి.

"టార్గెట్ ఆర్వెన్ కెమికల్స్," అంది నర్మద. "ఎనుకున్నది ఫారిన్ రింగ్. కోడ్ నేమ్ గ్లాస్‌హౌస్. బాస్ పేరు క్రెల్. ఏడు దేశాలల్ల ఫ్యాక్టరీలకు ఒకటే సరుకు అమ్ముతుండ్రు. దొంగ నీళ్లు."

"దొంగ నీళ్లా?"

"ఇన్‌స్పెక్షన్ పాసయ్యే నీళ్లు. మరీ శుభ్రంగుంటే అనుమానమొస్తదని జరంత మురికి గలిపి తయారు జేస్తరు. మన సీవోడీ లిమిట్ రెండు వందల యాభై. వాళ్ల బాటిల్ ఎప్పుడు సూడు, రెండు వందల పది, పన్నెండు."

సీవోడీ అంటే నీళ్లలో రసాయన మురికి ఎంతుందో చెప్పే అంకె. పరీక్షలో ముప్పై ఐదు మార్కులకు కాపీ కొట్టేవాడు తొంభై తెచ్చుకోడు కదా, ఇదీ అంతే.

"ఇయ్యాల శాంపిల్ తీస్తరు. మొబైల్ ల్యాబ్‌ల టెస్ట్. ఐదింటికి పర్మిట్ కమిటీ సంతకం. అది పడ్డదంటే ఇప్పుడిడిసేదానికి మూడింతలు తుంగొర్రెల ఇడుస్తరు. కింద పద్నాలుగు ఊర్లు గా ఒర్రె నీళ్లే తాగుతున్నయ్."

తుంగొర్రె వాగు పేరు వినగానే ఎబినేజర్ మెడ వంగింది.

"వేరేటోళ్లను పంపుండ్రి మేడమ్."

"లోపల మనకో డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ నేమ్ తంగేడు. నువ్వే గావాలని పేరు వెట్టి అడిగింది. ఎందుకో చెప్పలే."

గుండీలో దాచిన కెమెరా ఒకటి, ముంచితే నీటి పీహెచ్ చూపించే చేతి గడియారం ఒకటి ఇచ్చింది. రెండింటికీ రసీదు మీద సంతకం పెట్టించుకుంది. గూఢచారి ప్రాణం పోయినా ఫరవాలేదు గాని సర్కారు గడియారం పోకూడదు.

తంగేడు ఎందుకు పిలిచిందో ఎబినేజర్‌కి తెలియదు. వద్దని ఎందుకన్నాడో మాత్రం బాగా తెలుసు. పన్నెండేళ్ల కిందట అతను ఇదే సెల్‌లో మామూలు శాంపిల్ ఉద్యోగి. ఆఫీసుకు బండి లేదు. ఇన్‌స్పెక్షన్‌కి ఫ్యాక్టరీ జీపే వచ్చి తీసుకెళ్లేది. శాంపిల్ తీసి, ఐసు డబ్బాలో పెట్టి, డబ్బా జీపులో పెట్టి, అక్కడి నుంచి గెస్ట్‌హౌస్‌లో దావత్. ఆ రోజు బిర్యానీ పళ్లెంలో మూలుగున్న నల్లి బొక్క పడింది. కిటికీలోంచి చూస్తే డ్రైవరు బాటిళ్లు మారుస్తున్నాడు. స్పష్టంగా చూశాడు. ముద్ద మీంచి లేవొద్దు, అన్నం పెట్టినవాళ్లకు అవమానం అని చిన్నప్పుడు అమ్మ సాయవ్వ నేర్పింది. ఆ మంచి మాటను అడ్డం పెట్టుకుని కూర్చున్నచోటే కూర్చున్నాడు. ఇంకో గరిటె సాలన్ వేయించుకున్నాడు కూడా. రిపోర్టులో 'పరిమితుల లోపే' అని రాశాడు. దాంతో ఎవరో పాలవ్యాపారి పెట్టిన కంప్లయింట్ క్లోజయింది. పన్నెండేళ్లుగా అతను బిర్యానీ ముట్టలేదు. పెళ్లిళ్లలో అడిగితే అసిడిటీ అంటాడు.

పదకొండు గంటలకు ఆర్వెన్ గెస్ట్‌హౌస్ వంటగదిలో కొత్త మనిషి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. మీసం లేదు, తలకు రుమాలు, పేరు యాకూబ్. చర్చికీ మసీదుకూ రెండింటికీ చెల్లే పేరని నర్మదే ఎంచింది.

మసాలా ఘాటును ఓడిస్తూ సెంటు వాసన వచ్చింది. ముదురు పచ్చ కుర్తా, నల్ల కళ్లద్దాలు, చేతిలో ట్యాబ్. క్రెల్ కళ్లు మూసుకుని నమ్మే మనిషి, ఫ్యాక్టరీకి నిబంధనల కాగితాలు చూసే కంప్లయన్స్ కన్సల్టెంట్ అంబ్రీన్.

"మాస్టర్, సాలన్‌ల పులుపెంత?"

"మోకాళ్ల లోతు," అన్నాడు ఎబినేజర్. తంగేడు ఈమేనన్నమాట. పక్కనున్న వంటమనిషి వింతగా చూశాడు.

ఆమె సాలన్ రుచి చూస్తున్నట్టు వంగి గొంతు తగ్గించింది. "దొంగ బాటిళ్లు రడీగున్నయ్. డ్రైవర్ రంజిత్ మారుస్తడు. మీరు కెమెరాల పట్టుండ్రి. అసలు బాటిళ్ల ఫికర్ నాకిడిసి పెట్టుండ్రి."

"నన్నే ఎందుకు పిలిచిండ్రు?"

"మీకు గీ గెస్ట్‌హౌస్ తెల్సు గద," అని కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎబినేజర్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఈమెకు తెలుసు. ఎంత తెలుసో తెలియకపోవడమే భయం.

శాంపిల్ తీయడానికి వచ్చిన ఆఫీసరు పేరు ఆరాధన. ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు. ఫ్యాక్టరీ జీపులోనే వచ్చింది, పన్నెండేళ్లయినా ఆఫీసుకు బండి రాలేదు మరి. కానీ పిల్ల పని మాత్రం శుభ్రంగా చేసింది. మురుగు గొట్టం వాగులోకి పడేచోట బురదలో నిలబడి, గ్లవుజులు వేసుకుని, రెండు బాటిళ్లు నింపి, ఐసులో పెట్టింది. ఆ నీళ్లు పాత ఇంజనాయిల్ రంగులో ఉన్నాయి.

గెస్ట్‌హౌస్‌లో మేనేజర్ ఎదురొచ్చాడు. పక్కన తెల్ల సూటులో క్రెల్, దండం పెడుతూ.

"మేడమ్, తిన్న చేతులతో సంతకాలెందుకు? లేబుళ్ల మీద ముందే చేసేయండి. ఇంకో రెండు ఎక్కువే ఉంచండి, ఐసుకు తడిసి ఊడిపోతుంటయ్," అన్నాడు మేనేజర్.

పన్నెండేళ్ల కిందటి మాటే. అక్షరం మారలేదు. రెండు బాటిళ్లకు నాలుగు లేబుళ్లు. ఆరాధన నాలుగింటి మీదా సంతకం పెట్టింది. మేనేజర్ కూడా పెట్టాడు. ఎక్కువైన రెండూ అతని జేబులోకి, అక్కడి నుంచి రంజిత్ దగ్గరున్న దొంగ బాటిళ్ల మీదికి వెళ్లాయి.

భోజనాలు మొదలయ్యాయి. బిర్యానీ డేగిసా పట్టుకుని ఎబినేజర్ కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. బయట పోర్టికోలో రంజిత్ జీపు వెనక తలుపు తీశాడు. రెండు బాటిళ్లు బయటికి, రెండు లోపలికి. సరిగ్గా నలభై సెకన్లు.

అప్పుడే ఆరాధన తలెత్తింది. ఆమె చూపు కిటికీ మీదికి పోయింది. చేతిలో ముద్ద ఆగింది.

చూసింది.

ఆ పిల్ల మనసులో ఆ క్షణం ఏం నడుస్తోందో ఈ భూమ్మీద ఎబినేజర్‌కి తెలిసినంత ఎవరికీ తెలియదు. 'లే బిడ్డా, ముద్దిడిసి లే' అని ఒక్క మాట అంటే చాలు. అంటే మారువేషం బయటపడుతుంది, అసలు బాటిళ్లు అంబ్రీన్ చేతికి రావు. ఆరాధన మెల్లగా ముద్ద నోట్లో పెట్టుకుంది. ఎబినేజర్ ఆమె పళ్లెంలో సాలన్ వేశాడు. మిషన్ కోసం అని తనకు తాను చెప్పుకున్నాడు. పన్నెండేళ్ల కిందట కూడా ఏదో ఒక దాని కోసమనే చెప్పుకున్నాడు. ఛీ అనిపించింది.

వంటగదిలోకి అంబ్రీన్ రెండు బాటిళ్లతో వచ్చింది. "పారబోసొస్తనని రంజిత్ దగ్గర తీసుకున్న. వీడియో వచ్చిందా?"

ఎబినేజర్ గుండీ ఊడదీసి ఫోనుకు పెట్టాడు. తెర మీద నలభై సెకన్లూ తెల్లటి మబ్బు. డేగిసా మూత తీసినప్పుడల్లా కొట్టిన ఆవిరి. ఏ దేశంలో తయారు చేశారో గాని, ఆ కెమెరాకు దమ్ బిర్యానీ సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఇగ మీ నోరే సాక్ష్యం," అంది అంబ్రీన్. ఖాళీ డేగిసాలో ఐసు పోసి, బాటిళ్లు పెట్టి మూత బిగించింది.

నాలుగూ యాభై. మంచిర్యాలలో పర్మిట్ కమిటీ హాలు. మొబైల్ ల్యాబ్ రిపోర్టు టేబుల్ మీదుంది: సీవోడీ 212. కమిటీ చైర్మన్ రాంచందర్, రిటైరైన ఇంజనీరు, పెన్ను మూత తీస్తుండగా తలుపు తోసుకుని వంటమనిషి వచ్చాడు, భుజం మీద డేగిసా.

"సంతకం వెట్టకుండ్రి సార్. నేను జలనిఘా సెల్ ఏజెంట్‌ను. అసలు శాంపిల్ ఇందులున్నది."

మూత తీశాడు. నల్లటి నీళ్లు, లేబుళ్లు, సంతకాలు. హాలంతా లేచి నిలబడింది. ఆర్వెన్ లాయరు మాత్రం తొణకలేదు.

"లేబుల్ ఎవరైనా అంటించొచ్చు. వీడియో ఉందా?"

"ఆవిరి ఉంది," అన్నాడు ఎబినేజర్. ఎవరో నవ్వారు.

రాంచందర్ ఆరాధన వైపు తిరిగాడు. "అమ్మా, రెండు బాటిళ్లకు నాలుగు లేబుళ్ల మీద సంతకం జేసినవా?"

ఆరాధన నేల చూపులు చూసింది. "గుర్తు లేదు సార్."

క్రెల్ చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగూ యాభై ఎనిమిది. చైర్మన్ పెన్ను కాగితానికి ఆనింది.

నోరు మూసుకుంటే పోయేది ఒక మిషన్. సర్వీసు బుక్కులో ఒక్క లైను. పాత సంగతి పాతగానే ఉంటుంది, పెన్షనూ వస్తుంది. ఒర్రె కింద పద్నాలుగు ఊర్లు మాత్రం మూడింతలు తాగుతాయి.

"ఆమె చెప్పది సార్," అన్నాడు. "నేను గూడ చెప్పలే. పన్నెండేండ్లయింది. గదే గెస్ట్‌హౌస్, గదే కుర్సీ. రెండు బాటిళ్లకు నాలుగు సంతకాలు జేసిన. కిటికీల కెళ్లి బాటిళ్లు మార్చుడు సూసిన. సూసుకుంటనే తిన్న. లేస్తే బాగుండదనుకున్న. రిపోర్టు మంచిగుందని రాసిన. నాకు సిగ్గయితుంది సార్, గని నిజం గిదే."

క్రెల్ పక్కన కూర్చున్న అంబ్రీన్ లేచింది. ట్యాబ్ కింది నుంచి పసుపెక్కిన కాగితం తీసి చైర్మన్ ముందు పెట్టింది.

"గా రిపోర్టు ఇదే సార్, సంతకం ఈయనదే. దీంతోని క్లోజయిన కంప్లయింట్ మా అబ్బాది. పాలు అమ్మే గులాం నబీ." ఆమె ఎబినేజర్ వైపు తిరిగింది. "అందుకే మిమ్మల్నే పిలిపించిన. బాటిల్ మార్చుడు సూసినోళ్లు మస్తుమంది ఉంటరు. సూసి గూడ తిన్నమని చెప్పేటోడు ఒక్కడన్న గావాలె."

ఆరాధన లేచింది. "నేను గూడ సూసిన సార్. అయినా తిన్న. నాలుగు లేబుళ్లు నేనే సంతకం జేసిన."

రాంచందర్ పెన్నుకు మూత పెట్టాడు. కాగితం మీద ఒక చుక్క సిరా పడింది, అంతే. డేగిసాలో నీళ్లను అక్కడికక్కడే టెస్టుకు పంపారు. 1,940 వచ్చింది. పర్మిట్ పోయింది, మేనేజర్‌ను నిలదీశారు, రంజిత్ అన్నీ చెప్పేశాడు. గొడవలో కారెక్కి పారిపోయిన క్రెల్‌ను నాగ్‌పూర్ దారిలో, ఇచ్చోడ దగ్గర దాబాలో పట్టుకున్నారు. పోలీసులను చూసి ముద్ద మధ్యలో లేచి పరుగెత్తడం వల్లే దొరికాడట. అతనికి సాయవ్వ లాంటి తల్లి లేదు కాబోలు.

ఆఫీసు మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పన్నెండేళ్లుగా ప్రతి సోమవారం, అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి బాటిల్‌లో ఒర్రె నీళ్లు పట్టుకొచ్చే గులాం నబీ. ఎబినేజర్ రుమాలు తీసి ఎదురుగా నిలబడ్డాడు.

"చాచా, గా రిపోర్టు రాసింది నేనే. మాఫ్ జెయ్యి."

గులాం నబీ పక్కనున్న బాటిల్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

"తొమ్మిది బర్లు సచ్చినయ్ నావి. నీ రిపోర్టు వచ్చినంక ఊరోళ్లు నన్నే అబద్ధాలోడన్నరు. మాఫ్ జేసుడు నాతోని కాదు బిడ్డా. బర్లనడుగు పో." లేచి, చేతిలో ఉన్న బాటిల్ ఎబినేజర్ చేతిలో పెట్టాడు. "గిది ఇగ నువ్వు మొయ్యి. నాకు రెక్కలు గుంజుతున్నయ్."

అంబ్రీన్ కళ్లద్దాలు తీసి తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు. ఎబినేజర్‌తో ఆమె ఇంకేమీ మాట్లాడలేదు, అతనూ ఆశించలేదు.

పది రోజులకు సెల్ నుంచి మెమో వచ్చింది. ఒకటి, ప్రభుత్వ కెమెరాను ఆవిరికి గురిచేసి పాడుచేయడం. రెండు, గడియారాన్ని ఆలస్యంగా వాపసు చేయడం. మూడు, ముందస్తు అనుమతి లేకుండా డేగిసాను ఆఫీసులోకి తేవడం. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. పన్నెండేళ్ల కిందటి దావత్ గురించి ఒక్క ముక్క లేదు.

ఎబినేజర్ టేబుల్ మీదున్న ఒర్రె నీళ్ల బాటిల్ పక్కకు జరిపి, నాలుగో నేరం తనే రాసుకున్నాడు. పేజీన్నర అయింది. కింద సంతకం పెట్టాడు. ఈసారి ఒక్కటే.