అద్దె కోటు

చైనాలోని షియాన్‌లో ఉన్నన్నాళ్ళూ నా తమ్ముడు జ్యాషూ వాగుతూనే ఉన్నాడు. వీపులకు సంచులు తగిలించుకుని పాత కోటగోడ మీద ఊరంతా చుట్టాం. అక్కడ మాంసం పులుసులోకి గట్టి రొట్టెను మనమే సన్నగా తుంచి ఇవ్వాలి. వాడు బద్ధకించి పెద్దపెద్ద ముక్కలు చేస్తే వంటవాడు గిన్నె వెనక్కి పంపేశాడు. నవ్వలేక చచ్చాను. నాన్న పోయాక మా ఇంట్లో నవ్వనేది మిగిలిందంటే వాడి వల్లే.

అక్కణ్ణుంచి హువా కొండకు వెళ్ళాం. సూర్యోదయం చూడాలంటే తెల్లవారకముందే తూర్పు శిఖరం మీద కూర్చోవాలి. పైన చలి కొరికేస్తుంది కాబట్టి అందరూ దుకాణంలో పాత సైనికుల దూది కోట్లు అద్దెకు తీసుకుంటారు. వాడికి దొరికిన ఆకుపచ్చ కోటు మోకాళ్ళు దాటి వేలాడుతోంది. తడి దూది వాసన, ఎవరెవరివో చెమట వాసన. ఆ రోజు మంచు కమ్మేసింది. సూర్యుడు కనబడలేదు. ఫోటో తీస్తానని అంచున కట్టిన గొలుసుల దాకా వెళ్ళినవాడు తిరిగొచ్చాడు గానీ, మళ్ళీ నోరు విప్పలేదు. ఏం చూశావురా అని ఎన్నిసార్లు అడిగినా నా వంక చూడలేదు.

కొండ కింది సత్రంలో పడుకోబెట్టాను. డాక్టరు అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. వాడు మాత్రం తినడు, పలకడు, పైకప్పునే చూస్తుంటాడు. కబురందుకుని అమ్మ రైల్లో వచ్చింది. వాడి చెంప తడిమి, ఆత్మ అక్కడే ఉండిపోయింది, పిలుచుకురావాలి అంది. పిల్లలు జడుసుకుంటే మా వైపు చేసేదే ఇది. భయపడిన చోటికి వాళ్ళ బట్ట తీసుకెళ్ళి, పేరు పెట్టి ఇంటికి రమ్మని పిలవాలి. తోడు వెళ్ళినవాళ్ళు, జడుసుకున్నవాళ్ళ బదులు ‘వస్తున్నా’ అనాలి. తిరిగొచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదు.

అమ్మ దుకాణానికి వెళ్ళి ఆ కోటే అడిగి తెచ్చింది.

“అమ్మా, దాన్ని ఎంతమంది తొడుక్కున్నారో ఏమో. వాడి చొక్కా తీసుకెళ్దాం.”

“జడుసుకున్నప్పుడు వాడి ఒంటిమీదున్నది ఇదే కదే. నోరు మూసుకుని నడు.”

కొడుకు అలా పడి ఉంటే ఆ తల్లితో ఏం వాదిస్తాం?

మేము రోప్‌వే దిగి, నడిచి శిఖరం చేరేసరికి పొద్దు వాలింది. జనం పలచబడ్డారు. లోయలోంచి మంచు పైకి లేస్తోంది. గొలుసులకు ప్రేమజంటలు వేసిన తాళాలు గాలికి సన్నగా చప్పుడు చేస్తున్నాయి. అమ్మ కోటును రెండు చేతులా పట్టుకుని విదిలించింది.

“జ్యాషూ... ఇంటికి రా నాన్నా.”

నేను నోరు తెరిచాను. నాకంటే ముందే ఎవరో పలికారు.

“వస్తున్నా...”

చాలా దగ్గరగా. చాలా మెల్లగా.

అమ్మ చేతుల్లో కోటు కిందికి కుంగింది. నీళ్ళలో ముంచినట్టు బరువెక్కింది. అమ్మ ముఖం వెలిగిపోయింది. దాన్ని గుండెకు హత్తుకుని దిగడం మొదలుపెట్టింది. ప్రతి మలుపులోనూ పిలిచింది. ప్రతిసారీ జవాబొచ్చింది. నేను పలకాల్సిన పని రాలేదు.

రోప్‌వే దగ్గరికి వచ్చేశామనగా... వెనక నుంచి... ఆయాసపడుతూ ఒక గొంతు.

“అక్కా... ఆగవే. నన్నొదిలేసి పోతున్నారేంటి?”

అది నా తమ్ముడి గొంతు.

కాళ్ళు ఆగిపోయాయి. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగేలా.

“చూడకు,” అంది గుసగుసగా. “పిలిచేవాళ్ళంతా మనవాళ్ళు కాదు. మనవాడు ఇదిగో, నా చేతుల్లో ఉన్నాడు.”

చూడలేదు. రోప్‌వే పెట్టె తలుపు మూసుకునేదాకా ఆ పిలుపు వినిపిస్తూనే ఉంది. కిందికి దిగుతున్నంతసేపూ ఏడ్చాను. ఎందుకని అమ్మ అడగలేదు.

సత్రంలో అమ్మ ఆ కోటును వాడి మీద కప్పింది. కాసేపటికి రెప్పలు కదిలాయి. లేచి కూర్చున్నాడు. అమ్మ గబగబా జావ తెచ్చి చెంచాతో తాగించింది. ఎన్నాళ్ళుగానో తిననివాడిలా తాగాడు. గిన్నె ఖాళీ అయ్యాక మా ఇద్దరి వంకా మర్యాదగా చూశాడు.

“మీరు చాలా మంచివారు పిన్నిగారూ. మా అమ్మకు కబురు పెడతారా? నాకోసం చూస్తూ ఉంటుంది.”

నేను తలుపు వైపు చూశాను. రోప్‌వే అప్పటికే ఆగిపోయింది. మళ్ళీ తెల్లవారాకే. పైన నా తమ్ముడి ఒంటిమీద కోటు కూడా లేదు.

అమ్మ వాడి ముఖంలోకి చూసింది. తను కని, పెంచిన ముఖమే. అరచేత్తో వాడి మూతి తుడిచింది.

“చెప్తాలే నాన్నా. మీ అమ్మ ఎక్కడుంటుంది?”

“కింద, నది వంపులో మా ఇల్లు. ఆనకట్ట నీళ్ళు ఇంకా అక్కడిదాకా రాలేదు కదా?”

ఆ నీళ్ళు వచ్చింది అమ్మ పుట్టకముందు. నది వంపులో ఉన్న ఊళ్ళన్నీ వాటి కిందే ఉన్నాయి.

“ఇంకా రాలేదు నాన్నా,” అంది అమ్మ, వాడి జుట్టు సర్దుతూ.