వాతావరణం చెప్పే చిలక

"చెప్పులు తర్వాత విప్పుదురు గాని, ముందు మీ ఐడీ కార్డు చూపించండి."

గుమ్మంలో ఒక చెప్పు విప్పి రెండోది విప్పబోతున్న కుర్రాడు ఒంటికాలి మీద ఆగిపోయాడు. భుజాన బ్యాగు, జుట్టులోంచి కారుతున్న వాన. మెడలో కార్డు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, కార్డులోని మొహాన్నీ ఎదురుగా ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇందులో మీసం ఉంది."

"మొన్నే తీసేశానండి."

"ఎందుకు?"

"బాలేదని మా అమ్మ..."

"అమ్మలూ!" లోపల్నుంచి నాన్న కేకేశాడు. "అతనొచ్చింది కంప్యూటరు బాగుచెయ్యడానికే, పెళ్లిచూపులకి కాదు. మీసం గొడవ మనకెందుకే? లోపలికి రానీ!"

అమ్మలు అనేది ముద్దుపేరు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆమె పని. వేసిన బొమ్మలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. దానికిప్పుడు జబ్బు చేసింది. స్విచ్చి వేసి స్నానం చేసి వచ్చినా తెర వెలగదు. వెలిగిందా, లాటరీ తగిలిందనీ, పొట్ట కరుగుతుందనీ ప్రకటనల మీద ప్రకటనలు మీదపడతాయి.

దీనికంతటికీ కారకుడైన పెద్దమనిషి నాన్నే. రిటైరయ్యేదాకా ఆయన బస్సు నడిపాడు. చెయ్యెత్తిన మనిషిని ఏనాడూ దాటేసి పోలేదని ఆయనకో గొప్ప. కంప్యూటరు దగ్గరా అదే ధోరణి. ఓకే నొక్కమని ఎవరడిగినా నొక్కేస్తాడు. అంత మర్యాదగా అడుగుతుంటే కాదనడం ఎలాగే అంటాడు.

కుర్రాడు కుర్చీలో కూర్చోలేదు. మూలనున్న స్టూలు లాక్కున్నాడు.

"కుర్చీలో మీరు కూర్చోండి. మౌసు మీ చేతిలోనే ఉండాలి."

"మరి మీరేం చేస్తారు?"

"ఏది ఏమిటో చెబుతాను. మీరు చదివి, సరే అనుకుంటే నొక్కండి. లేకపోతే లేదు."

అమ్మలు అతన్ని ఎగాదిగా చూసింది. అతన్ని కనిపెట్టుకుని కూర్చోవాలనీ, అవసరమైతే పోట్లాడాలనీ పొద్దున్నుంచీ సిద్ధపడి ఉంది. పోట్లాటకి చోటే లేకపోయేసరికి కాస్త నిరాశ కూడా కలిగింది.

"ఇలా అయితే ఎంతసేపు పడుతుంది?"

"చాలాసేపు పడుతుందండి."

అంతలో అతని ఫోను మోగింది. స్పీకరు ఆన్‌లో ఉందని ఎత్తాక గానీ తెలియలేదు. "ఏరా నత్తా! ఫార్మాట్ కొట్టి చక్కా రాకుండా అక్కడే కాపురం పెట్టేశావా?"

అతను కంగారుగా ఫోను నోరు నొక్కాడు. అమ్మలుకి నవ్వాగలేదు.

"నత్తా?"

"మా షాపు ఓనరు పెట్టిన పేరండి. అందరూ మొత్తం తుడిచేసి ఇట్టే వచ్చేస్తారు. నాకలా చేతులు రావు. ఎవరి సామాను వాళ్లకి ముఖ్యం కదా."

ముందు ఇంటర్నెట్ వైరు పీకించాడు. లోపలున్నవి బయటివాళ్లతో మాట్లాడకూడదన్నాడు. తర్వాత కంప్యూటర్ని సేఫ్ మోడ్‌లో లేపించాడు. అలా లేపితే అత్యవసరమైనవి తప్ప మరేవీ నిద్ర లేవవట. ఒక్కొక్క ప్రోగ్రాం పేరూ చదివి, అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగాడు. సగానికి నాన్నే ముద్దాయి.

"ఈ చిలక?"

తెర అంచున ఆకుపచ్చ చిలక ఒకటి తిరుగుతూ, వాన వస్తుందనో ఎండ కాస్తుందనో చెప్పేది.

"అయ్యో, అది పాపం నాదే డాక్టరుగారూ" అన్నాడు నాన్న. వైరసులు తీస్తున్నాడు కాబట్టి డాక్టరు అని ఆయనే నిర్ణయించేశాడు. "దాని జోలికి మాత్రం పోకండి. పొద్దున్నే నన్ను పలకరిస్తుంది."

"అన్నిటికంటే పెద్ద దొంగ అదేనండీ. మీరు ఏం తెరుస్తున్నారో, ఏం టైపు చేస్తున్నారో ఎప్పటికప్పుడు బయటికి మోసేస్తోంది."

నాన్న మొహం వేలాడేశాడు. "నాకు గొడుగు తీసుకెళ్లమని చెప్పిందయ్యా" అన్నాడు చిన్నగా. అమ్మలు ఆయన భుజం తట్టి, చిలకని తీసేసింది.

ఇక స్కానింగు మొదలైంది. తెర మీద నీలిగీత జరిగీ జరగనట్టు జరుగుతోంది. బయట వాన ఊపందుకుంది. నాన్న కాఫీలు కలపడానికి వెళ్లాడు. గదిలో ఇద్దరే మిగిలేసరికి ఎటు చూడాలో తెలియక, ఇద్దరూ ఆ గీతనే మహా శ్రద్ధగా చూశారు.

"తెర పైన కెమెరాకి ప్లాస్టరు వేసి ఉంది కదా" అంది అమ్మలు. "దెబ్బ తగిలిందా అని అందరూ జోకులేస్తారు. మీరేం అడగరేం?"

"మీ కెమెరా, మీ ప్లాస్టరు. నాకెందుకండీ?"

అడక్కపోవడంతోనే చెప్పాలనిపించింది ఆమెకి.

"పోయినేడు నాకో పెళ్లి కుదిరింది. అతను చాలా మంచివాడని అందరూ అన్నారు, నేనూ అన్నాను. నేను చెప్పకుండానే నా మనసులో మాట చెప్పేవాడు. ఫలానా రంగు కొనాలనుకుంటే ఆ రంగే తెచ్చేవాడు. ఎంత అదృష్టం అనుకున్నాను. తర్వాత తెలిసింది, నా కంప్యూటర్లో ఏదో పెట్టి నేను రాసుకునేవన్నీ చదివేవాడని."

"అడిగారా?"

"అడిగాను. నువ్వంటే ప్రాణం కాబట్టే అన్నాడు. గంటసేపు చెప్పాడు, ఎంత ప్రాణమో. పెళ్లి వద్దన్నాను. అప్పట్నుంచీ ఎవరు నవ్వినా, ఎందుకు నవ్వుతున్నారా అనిపిస్తుంది. ఇలా ఎన్నాళ్లుంటానో తెలీడం లేదు. అదే నా భయం."

అతను ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. "అందుకా నా మీసం గురించి అంత దర్యాప్తు!" అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

సాయంత్రానికి చాలావరకు శుభ్రమైంది. కొన్ని మొండివి మిగిలాయి.

"మిగతావి రేపు షాపు నుంచే తీయొచ్చు. దానికి నా ప్రోగ్రాం ఒకటి ఇందులో పెట్టాలి. అది పెడితే మీ తెర నాకు కనిపిస్తుంది. వద్దంటే మళ్లీ వస్తాను."

అమ్మలు చాలాసేపు ఆలోచించింది. "పెట్టండి. కానీ ఎదురుగా నేనుంటాను" అంది. అలా అనగలిగినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు వైరు మళ్లీ తగిలించాక, ఆమె చూస్తుండగా తెర మీద బాణం గుర్తు దానంతటది కదిలింది. ఖాళీ పేజీ ఒకటి తెరుచుకుంది. అక్షరాలు పడ్డాయి: "నమస్కారమండీ. ఎడమవైపు రెండోది తీసేయనా?"

"తీసేయండి" అని ఆమె కింద టైపు చేసింది.

"ఇది?"

"అదీ తీసేయండి."

"ఇది మీ నాన్నగారి చదరంగం. మంచిదే. ఉంచుదాం."

అడక్కుండా ఒక్కటీ ముట్టుకోలేదు. పనైపోయాక, కంప్యూటరు ఆన్ అయినప్పుడు వెంట లేచే ప్రోగ్రాముల జాబితా ఎక్కడుంటుందో చూపించి, అప్పుడప్పుడూ చూసుకోమన్నాడు. "నత్తగారికి ధన్యవాదాలు" అని ఆమె రాసింది. "నత్తకి గారు తగిలించినవాళ్లు మీరేనండి" అని అతను రాశాడు. ఇక మాటలో మాట, ఆ ఖాళీ పేజీ కిందికి కిందికి పోయింది. ఆఖరున చేయాల్సిన పని ఒకటి, ఆ మాటల్లో పడి అతను చేయలేదు.

ఆ తర్వాత ఫోనుల్లో మెసేజీలు. మొదట కంప్యూటరు ఆరోగ్యం గురించి, తర్వాత నాన్న ఆరోగ్యం గురించి, తర్వాత ఏమీ లేనివాటి గురించి. ఫోను మోగితే అమ్మలు పరిగెత్తడం నాన్న గమనించాడు. గమనించనట్టు చదరంగం ఆడుకున్నాడు.

ఒకనాటి పొద్దున్నే మబ్బేసింది. అమ్మలు ఎవరూ అడగని బొమ్మ ఒకటి వేసింది. వానలో నడుస్తున్న నత్త. దాని వీపున గుల్లకి బదులు లాప్‌టాప్ బ్యాగు, ఊడిన చెప్పు ఒకటి వెనక. బొమ్మని చూసుకుని తనలో తనే నవ్వుకుంటుంటే మెసేజి వచ్చింది.

"ఇవాళ నత్తలు బయటికొచ్చే వాన. జాగ్రత్త, ఒకటి మీ వీధికి రావచ్చు."

అమ్మలు నవ్వు చప్పున ఆగిపోయింది. నత్త, వాన! తను బొమ్మ వేసిన కాసేపటికే!

గబగబా అతను చూపించిన జాబితా తెరిచింది. అతని ప్రోగ్రాం అందులోనే ఉంది. ఇన్నాళ్లూ కంప్యూటరుతో పాటే లేస్తూ, పడుకుంటూ ఉంది.

వెంటనే ఫోను చేసింది. "మీ ప్రోగ్రాం నా కంప్యూటర్లో ఇంకా ఎందుకుంది?"

"తీసేయడం మర్చిపోయాను. తప్పు నాదే" అన్నాడు.

"అంతేనా?"

"నేను చూడలేదండి. కానీ నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. ఎవరు ఎప్పుడు తెరిచారో ఆ ప్రోగ్రాములోనే ఉంటుంది. పైన మూడు గీతలుంటాయి, అవి నొక్కి చూడండి. చూశాక తీసేయండి. క్షమించండి."

ఫోను పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. ఆ రోజంతా ఒక్క మెసేజీ కూడా పెట్టలేదు.

మర్నాడు అమ్మలు బాణం గుర్తుని ఆ మూడు గీతల మీద పెట్టి కూర్చుంది. నొక్కితే చాలు, తేలిపోతుంది. వేలు మాత్రం కదలడం లేదు.

నాన్న వచ్చి పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు.

"నొక్కవే మరి. అతనే చూసుకోమన్నాడుగా."

"నొక్కితే అతను మంచివాడే అని తేలిందనుకో నాన్నా. రేపు అతను ఎవరితోనో నవ్వుతూ మాట్లాడతాడు. అప్పుడు అతని ఫోను చూడాలనిపిస్తుంది. ఎల్లుండి ఇంకోటి." ఆమె మౌసు వదిలేసింది. "వాడు నాకు చేసిందే, నేను ఇతనికి చేస్తానేమో."

నాన్న స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "నాకివన్నీ తెలీవు గానీ, ఒకటడుగుతాను. ఆ పెళ్లికొడుకు దొరికిపోయినప్పుడు తప్పు నాది అన్నాడా?"

అమ్మలు గుర్తు చేసుకుంది. ఆ గంటసేపట్లో ఆ ఒక్క మాట లేదు. ప్రాణం ఉంది, ప్రేమ ఉంది, తప్పు మాత్రం లేదు.

బాణం గుర్తుని పక్కకి జరిపింది. ఇన్నిరోజులూ ఒక్కొక్కటే చదివి చదివి తీసేసిన మనిషి, ఆ ప్రోగ్రాంని చదవకుండా తీసేసింది. ఆ వెంటనే, ఏడాదిగా మోస్తున్న బరువేదో దిగినట్టయింది.

బొమ్మని ప్రింటు తీసి, కవర్లో పెట్టుకుని, వానలోనే షాపుకి బయల్దేరింది.

"ఒరే నత్తా, నీ కోసం ఎవరో వచ్చారు!" ఓనరు గొంతు ఫోనులోకంటే ఎదురుగా ఇంకా పెద్దది. అతను విప్పిన కంప్యూటర్ల వెనకనుంచి లేచాడు. స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. నిద్ర లేని కళ్లు.

"చూశారా?" అన్నాడు.

"లేదు. తీసేశాను."

"చూడకుండానా!" నిజంగానే కంగారుపడ్డాడు. "అలా ఎలాగండీ? ఇప్పుడింక మీకు ఎప్పటికీ తెలీదు కదా. రేపెప్పుడైనా అనుమానం వస్తే నా దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు."

"ఉండదు."

"మరి?"

"నమ్మాను" అంది అమ్మలు. "చూసి నమ్మితే ఆ ప్రోగ్రాంని నమ్మినట్టు. నేను నమ్మాలనుకున్నది మిమ్మల్ని."

ఓనరు ఎన్నడూ లేనిది రేడియో గొంతు తగ్గించాడు.

ఆమె కవరు చాపింది. అతను దుమ్ముచేతులు చొక్కాకి తుడుచుకుని, కాగితం బయటికి తీశాడు. ముందు అర్థం కానట్టు చూశాడు. బ్యాగు గుర్తుపట్టాడు. చెప్పు గుర్తుపట్టాడు. కళ్లు పెద్దవై, చెవులదాకా ఎర్రబడి, "ఇది... నేనా?" అన్నాడు, చిన్నపిల్లాడు తన పేరు పుస్తకంలో చూసుకున్నట్టు.

ఆ బొమ్మని అతను చూడటం అదే మొదటిసారి. ఆ సంగతి ఏ జాబితాలోనూ వెతకక్కర్లేకుండా అతని మొహమంతా రాసి ఉంది. అమ్మలు కళ్లు నిండిపోయాయి.

"ఏమైందండీ? ఎందుకేడుస్తున్నారు?"

"ఏం లేదు. మీరంటే నాకిష్టం. అంతే."

"నాకూ... నాకైతే మీరు నా కార్డుని ఫొటో తీసినప్పట్నుంచే. చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది."

"నత్త కదా!" అన్నాడు వెనకనుంచి ఓనరు.

ఇద్దరూ నవ్వారు. బయట వాన తగ్గేలా లేదు.

"కెమెరా మీద ప్లాస్టరు మాత్రం తీయను" అంది ఆమె.

"వద్దండీ. అది ఉంటేనే మంచిది."

అమ్మలు ఫోను మోగింది. నాన్న. స్పీకరులో పెట్టింది.

"అమ్మలూ, నువ్వు కోప్పడనంటే ఒకటి చెబుతాను. ఇందాక ఒకళ్లు మర్యాదగా అడిగారే, ఓకే నొక్కాను. చిలక మళ్లీ వచ్చింది. ఒకసారి డాక్టరుగార్ని రమ్మంటావా?" కాస్త ఆగి అన్నాడు. "భోజనం వేళకి రమ్మను. ఈసారి కాఫీతో పంపించేది లేదు."

అతను అప్పటికే బ్యాగు తగిలించుకుంటున్నాడు. "చాలాసేపు పడుతుందేమోనండి."

"పట్టనివ్వండి" అంది అమ్మలు, గొడుగు విప్పుతూ.