తోలు పట్టీల మంచం

ఆ పిచ్చాసుపత్రిలో చివరి వార్డు వెనక గదికి పట్టపగలు కూడా ఎవరూ ఒంటరిగా వెళ్లేవాళ్లు కాదట. ఒకప్పుడు కరెంటు షాకులిచ్చిన గది అది. మంచానికున్న తోలు పట్టీలు వాటంతటవే కదులుతాయని, చీకట్లో ఎవరో పలకరిస్తారని... చెప్పుకుని వణికేవాళ్లు.

కొత్త నర్సు మాత్రం డ్యూటీ దిగాక వాచ్‌మన్‌ని ఆ గది తాళంచెవి అడిగింది. పాత సామాను మర్నాడు తుక్కుకి పోతుంది, లిస్టు రాయాలి. పైకి చెప్పిన మాట అది. అసలు సంగతి వేరు — పెళ్లికి ముందు వాళ్లమ్మ పడుకున్నది ఆ మంచం మీదే. అక్కడ అమ్మని ఏం చేశారు? ఏడుస్తుంటే చెయ్యి పట్టుకునేవాళ్లైనా ఉన్నారా? అమ్మ నోరు విప్పకుండానే పోయింది.

"దెయ్యం కనబడితే నా పేరు చెప్పకే. నాకింకా రెండేళ్ల సర్వీసుంది," అన్నాడు వాచ్‌మన్ బాబాయ్.

ఆమె నవ్వింది. చేతికున్న అమ్మ పాత వాచీని ఆఖరి కన్నానికి బిగించుకుని బయల్దేరింది.

తలుపు కిర్రుమంది.

గుండ్రటి మీట ఉన్న చెక్క పెట్టె... కణతలకి నొక్కిపెట్టే రెండు బిళ్లలు... పళ్ల మధ్య పెట్టే రబ్బరు ముక్క. దాని మీద పంటిగాట్లు. అమ్మవేనేమో!

దాన్ని చేతిలోకి తీసుకుని మంచం మీద కూర్చుంది.

లైటు ఆరిపోయింది.

ఎక్కడో బకిల్ టక్‌మంది... లేవబోయింది. ఒళ్లు కదిలితేగా! చల్లటి వేలొకటి వాచీ పట్టీ కిందకి మెల్లగా దూరింది —

"బిగుతుగా ఉందా, తల్లీ?"

ఆడగొంతు... గుసగుసగా.

ఎలా లేచిందో, ఎలా పరిగెత్తిందో, వరండాలో బాబాయ్ టార్చి వెలుగులోకి వచ్చి పడింది. రొప్పుతూ జరిగింది చెప్పింది.

బాబాయ్ ముఖం పాలిపోయింది. "అది... ఇక్కడ పనిచేసిన పెద్ద ఆయా పద్ధతే. పట్టీ కట్టాక వేలు దూర్చి ఇలాగే అడిగేది. వేలు పట్టకపోతే ఒక కన్నం వదులు చేసేది. రోగి నిద్రపోయేదాకా పక్కనుంచి కదిలేది కాదు. కానీ... ఆవిడ పోయి పన్నెండేళ్లయిందే!"

నర్సుకి అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు రోజూ బడి బూట్లు తొడిగి, బకిల్ కింద వేలు దూర్చి అమ్మ అడిగిన మాటలూ ఇవే. అమ్మ ఎక్కడ నేర్చుకుందో ఇన్నాళ్లూ తెలియలేదు.

కళ్లు తుడుచుకోబోయి టార్చి వెలుగులో మణికట్టు చూసుకుంది.

వాచీ పట్టీ ఒక కన్నం వదులైంది.