‘తవ్వాం’ అన్న బావి

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ పోయి ఉండొచ్చు. ఈ మధ్య నా బుర్ర అలాగే ఉంది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాను. బావి సంగతి మాత్రం మా చెల్లెలు నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

ఆ బావికి మంచి పేరు లేదు.

ఒకప్పటి దొరగారి బంగళా ఇప్పుడు మ్యూజియం. చుట్టూ పెద్ద తోట. రబ్బరు చెట్లు, జాజికాయ చెట్లు, పగలంతా తలకిందులుగా వేలాడే గబ్బిలాలు. మన దేశం చూద్దామని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళు ముందు అక్కడికే వస్తారు. తోట చివర, వెదురుపొద వెనక, ఆ బావి. దాని దగ్గర అన్న మాట అన్నట్టుగా తిరిగి రాదని చెప్పుకునేవారు. మా చెల్లెలి కంటే ముందు ముగ్గురు గైడ్లు ఉద్యోగం వదిలేసి పోయారు. అందులో ఒకాయనకి నెల రోజులు గొంతు పెగల్లేదట.

చెల్లెలు చేరిన రోజే సూపరింటెండెంటు ఒక కాగితం చేతికిచ్చాడు. ఏ చెట్టు దగ్గర ఆగాలి, ఏ గదిలో ఏం చెప్పాలి, అంతా అందులోనే. అక్షరం పొల్లుపోకూడదు. అందుకే గైడ్లు ఆయన్ని చాటుగా ‘కాగితం సారు’ అనేవాళ్ళు.

బావి దగ్గర చెప్పాల్సింది ఒక్కటే మాట. ‘జనం దాహం చూడలేక దొరగారు ఈ బావి తవ్వారు.’

“తవ్వారట!” అనేది చెల్లెలు ఇంటికొచ్చి. “ఆయన పార పట్టాడా అక్కా? ఆయన గొడుగు కూడా ఇంకొకరే పట్టాలి!”

మాకు అసలు సంగతి తెలుసు. ఆ బావి తవ్వింది ఆడకూలీలు. అమ్మ పోయాక మమ్మల్ని పెంచిన అమ్మమ్మ వాళ్ళలో ఒకతె. బతికున్నన్నాళ్ళూ తనతో తవ్వినవాళ్ళ పేర్లు మా ఇద్దరి చేతా వల్లె వేయించింది.

అయినా నేనే అన్నాను, “కాగితంలో ఉన్నది చదివేసి రావే. నీకెందుకు ఆ గొడవ?” అని. అప్పుడు ఇల్లు గడిచేది దాని జీతంతోనే. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గే.

వానాకాలంలో మిణుగురులు చూపించడానికి రాత్రి నడక పెట్టారు. మొదటి రాత్రి కాగితం సారు కూడా వెంట వచ్చాడు. పదిహేను మంది దాకా ఉన్నారట. దీపాలన్నీ ఆర్పించి చెల్లెలు ముందు నడిచింది. మిణుగురుల్ని చూపించింది, కప్పల అరుపుల్ని బట్టి ఏది ఏ జాతిదో చెప్పింది. అందరూ నవ్వుతూనే వచ్చారు...

బావి వచ్చింది.

చెల్లెలు కాగితంలో మాటే చెప్పింది. “...దొరగారు ఈ బావి తవ్వారు.”

లోపల్నుంచి — “తవ్వాం.”

“ఎవరమ్మా అది?” అంది గుంపులో ఒక పెద్దావిడ.

“ప్రతిధ్వని అండీ, ప్రతిధ్వని,” అన్నాడు సారు. “చివరి అక్షరం మింగేసింది, అంతే. చూడండి, నేనంటాను.” గట్టు మీదికి వంగాడు. “దొరగారు ఈ బావి త-వ్విం-చా-రు!”

కప్పలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

“తవ్వాం.”

ఈసారి ఒక్క గొంతు కాదు...

“పద,” అన్నాడు సారు గుసగుసగా. “అందర్నీ తీసుకుని పద ఇక్కణ్ణించి.”

చెల్లెలికి భయం కంటే ఒళ్ళుమంట ఎక్కువ. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన చొక్కా జేబులోకి తోసేసింది.

“ఇది మీ దగ్గరే ఉంచుకోండి సార్.”

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!”

“రేపటి మాట కదా సార్. ఈ రాత్రి నడక ఇంకా నాదే.”

(ఆ ‘రేపు’ కూడా వెళ్ళిందిలే. టికెట్టు కొనుక్కుని, చూడొచ్చినదానిలా వెళ్ళి, బావి దగ్గర నిలబడి, తవ్విందెవరో గట్టిగా చెప్పొచ్చింది. గైడుని తీసేయగలరు, చూడొచ్చినవాళ్ళ నోరు ఎలా మూస్తారు? అది తర్వాత సంగతి.)

ఆ రాత్రి చెల్లెలు గుంపు వైపు తిరిగింది. “దీన్ని ఏ దొరా తవ్వలేదండీ. తవ్వినవాళ్ళ పేర్లు చెప్తాను, వినండి.”

“గంపమ్మ.”

బావిలోంచి... “ఊ.”

“పెద్దగొంతు.” “ఊ.”

“ఎడంచేతి వదిన. ఎర్రకొంగు పిన్ని.” ఒక్కో పేరుకీ ఒక్కో గొంతు. ఒకటి ముసలిది, ఒకటి మరీ లేతది. “కుంటక్క. నవ్వులపిల్ల. పారమ్మ. మూగి. కవలల్లో పెద్దది. కవలల్లో చిన్నది.”

మూగి అన్నప్పుడు మాట రాలేదు. నీళ్ళ మీద చెయ్యి చరిచిన చప్పుడు వచ్చిందట.

పదీ అయిపోయాయి. చెల్లెలు దీపం వెలిగించబోయింది...

“ఊ.”

ఎవర్నీ పిలవలేదు. అయినా పలికింది. వరసలో తన వంతు దాటిపోయినదానిలా, నెమ్మదిగా.

ఏ రాత్రివేళకో ఇంటికొచ్చి నన్ను లేపింది.

“అక్కా, ఆ పదకొండో గొంతు నాకు తెలుసే. ఆ గొంతే కదా మనకి అన్నం తినమని కేకలేసింది. అందరి పేర్లూ నేర్పింది... తన పేరు చెప్పలేదే! అమ్మమ్మ పేరేంటక్కా?”

చెబుదామని నోరు తెరిచాను.

‘అమ్మమ్మ’ అన్న మాట తప్ప ఇంకేమీ రాలేదు.

చెల్లెలు కూడా ఇప్పుడు లేదు. అందుకే బంగారూ, మనవరాలా, పైన రాసిన పది పేర్లూ ఒకసారి సరిచూడు. ఎడంచేతి వదినా, ఎర్రకొంగు పిన్నీ ఒకరేనేమో, నేనే ఇద్దర్ని చేశానేమో అని ఒక్కోసారి అనుమానం వస్తుంది. కానీ బావి ఇద్దరిలా పలికిందిగా! మా నాన్న, అదే మీ ముత్తాత, పెట్టెలో పాత చీటీలున్నాయి. ఎక్కడైనా మా అమ్మమ్మ పేరుందేమో వెతుకు. దొరికితే నాకు చెప్పకు, నేను మళ్ళీ మర్చిపోతాను. తిన్నగా ఆ బావి దగ్గరికి వెళ్ళి, గట్టిగా పిలువు.