గ్యారేజీ గోడకి మాత్రం వద్దు

ఆ వీధి చివరింటి గ్యారేజీకి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏమీ ఉండదు. రంగు వెలిసిన ఇనుప షట్టరు, దాని ముందు కారు పట్టేంత సిమెంటు జాగా, పక్కన గేటు. అంతే. రాత్రి పది దాటాక మాత్రం ఆ షట్టరు పక్కనుంచి ఎవరూ నడవరు. ఆ నాలుగడుగుల కోసం రోడ్డు దాటి అవతలికి వెళ్లి, మళ్లీ దాటి ఇవతలికి వస్తారు. ఎందుకని అడిగితే మాట మారుస్తారు. గట్టిగా అడిగితే అందరిదీ ఒకటే మాట — లోపల ఎవరో ఊపిరి తీస్తుంటారు.

ఒక లాగుడు... కాస్త ఆగడం... తర్వాత మెల్లగా ఫుస్సుమని ఒక చప్పుడు. మళ్లీ లాగుడు.

ఆ ఇంటాయన ఆ గ్యారేజీలోనే పోయాడు. నాలుగేళ్లయింది. అప్పట్నుంచీ ఆ షట్టరు ఎత్తింది లేదు.

ఇది నేను చూసింది కాదు, మా బాబాయి చెప్పగా విన్నది. బాబాయిది కరెంటు పని. జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది కాబట్టి అందరూ టెస్టరు బాబాయనే పిలుస్తారు. టెస్టరు వెలిగితే కరెంటున్నట్టు, వెలగకపోతే లేనట్టు, లోకంలో మూడో సంగతి లేదనే మనిషి. మేం పిల్లలం దెయ్యాల కథలు చెప్పుకుంటుంటే మధ్యలో లేచి పోయి పడుకునేవాడు. అలాంటివాడు ఈ ఒక్కటి చెప్పాడు. అదీ ఒక్కసారే.

ఆ ఇంట్లో ఉండేది తల్లీ కూతురూ ఇద్దరే. కూతురికి ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో ఉద్యోగం. తెల్లవారుజామున ఐదింటికల్లా అక్కడుండాలి. ఆ వేళకి బస్సులుండవని బ్యాటరీ కారు కొనుక్కుంది. కొన్నప్పట్నుంచీ వంటింటి కిటికీలోంచి వైరు వేలాడదీసి చార్జింగు పెడుతోంది. ఒకరోజు రాత్రి ఆ ప్లగ్గు వేడెక్కి, కరిగి, ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు. తెల్లారి చూస్తే కారు వీధి మలుపు దాకా కూడా వెళ్లేలా లేదు. ఆ అమ్మాయి ఆసుపత్రికి చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యం. అవతల ఆపరేషను బల్ల మీద ఒక బాలింత, రక్తం కోసం. ప్రాణమైతే దక్కింది గానీ, ఈ అమ్మాయికి రెండు రోజులు అన్నం సహించలేదట.

మూడో రోజు బాబాయికి ఫోను చేసింది. గోడకి బిగించే చార్జింగు పెట్టె ఒకటి కావాలంది. ఎక్కడ పెడితే బాగుంటుందో వచ్చి చూడమంది.

బాబాయి వెళ్లి ఇల్లంతా తిరిగాడు. ముందు గోడకి పెడితే ఎండా వానా. వెనక గోడ దాకా కారు పోదు. గ్యారేజీ అయితే నీడ ఉంది, తడి లేదు, మీటరు సరిగ్గా ఆ గోడకి అవతలే. వెతుక్కోనక్కర్లేదు, జాగా అదేనన్నాడు. కూతురు కూడా అదే అనుకుంటున్నానంది.

పెద్దావిడ గుమ్మంలో నిలబడి వింటోంది. బాబాయికి టీ గ్లాసు అందిస్తూ, చాలా మామూలుగా అంది.

"ఎక్కడైనా పెట్టు నాయనా. గ్యారేజీ గోడకి మాత్రం వద్దు."

లోపలికి వెళ్లిపోయింది.

కూతురు గొంతు తగ్గించి చెప్పింది. చివరి రోజుల్లో నాన్న మెట్లు ఎక్కలేకపోతే గ్యారేజీనే గది చేసి మంచం వేశామని, ఆ సామానంతా అలాగే ఉందని, తీయడానికి అమ్మకి మనసొప్పడం లేదని. తనైతే ఆయన పోయాక ఒక్కసారి కూడా అందులోకి వెళ్లలేదంది. మరి వీధిలో వాళ్లు అనేదేమిటని బాబాయి అడిగితే — పైన ట్యాంకు పైపులో గాలి చేరి ఉంటుంది, నేను పడుకునేది మేడ మీద, నాకెప్పుడూ వినపడలేదు అంది.

బాబాయి పని పద్ధతి ఒకటుంది. కారు చార్జింగు రాత్రంతా నడిచేది. కాబట్టి రాత్రిపూట ఆ ఇంట్లో ఏ వైరులో ఎంత కరెంటు నడుస్తోందో చూడకుండా పెట్టె సంగతి తేల్చడు. మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకీ లెక్క రాసుకునే చిన్న మీటరు తగిలించి, మర్నాడు వచ్చి చూశాడు.

వంటింటి లైను సరిగ్గానే ఉంది. మేడ లైనూ అంతే.

గ్యారేజీ లైనులో... రాత్రి పదింటి నుంచి తెల్లారి నాలుగింటి దాకా... సన్నగా కరెంటు నడిచింది.

తాళం వేసి ఉన్న గది. లోపల ఒక్క బల్బు కూడా వెలగని గది. ఎలకలు వైరు కొరికితే కరెంటు కారుతుంది గానీ, పదింటికి మొదలుపెట్టి నాలుగింటికి ఆపదు కదా. పెద్దావిడని అడిగాడు. ఎలకలేమో నాయనా అంటూ ఆవిడ, అతని చేతిలోంచి సగం తాగిన టీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

కూతురు మాత్రం పట్టు వదల్లేదు. షట్టరు తాళానికి రెండో చెవి తన దగ్గరుందంది. అమ్మ పడుకున్నాక వచ్చి, కారుతో ఇచ్చిన చార్జరునే గ్యారేజీ ప్లగ్గులో పెట్టి ఒక గంట చూద్దామంది. ఆ లైను తట్టుకుంటే అమ్మకి తనే నచ్చజెప్పుకుంటానంది.

ఆ రాత్రి పదకొండింటికి వెళ్లాడు బాబాయి.

కూతురు కారుని షట్టరు ముందు నిలిపి, అద్దాలు ఎత్తుకుని లోపలే కూచుంది. చార్జింగు ఎక్కుతోందో లేదో తెర మీద చూసి చెయ్యి ఊపుతానంది. బాబాయి తాళం తీశాడు. చప్పుడు కాకుండా షట్టరుని మోకాళ్ల ఎత్తు లేపాడు. కిందకి వంగాడు...

అప్పుడు వినిపించింది.

ఒక లాగుడు... కాస్త ఆగి... ఫుస్సు.

వీధి అంతా అనేది అదే. షట్టరు అవతల కాదు. మూరెడు దూరంలో.

వెనక్కి పోదామనే అనుకున్నాడట. కానీ కారులోంచి ఆ అమ్మాయి చూస్తోంది. ఇంత వయసొచ్చాక ఆడపిల్ల ముందు పరువు పోతుందని — అదొక్కటే తనని లోపలికి తోసిందని నాతో అన్నాడు. టార్చి పట్టుకుని దూరాడు.

మంచం. దాని మీద ఉతికిన దుప్పటి, ముడత లేకుండా. తలగడ. తలగడ పక్కన స్టూలు, దాని మీద టిఫిను డబ్బా అంత మిషను, ఆకుపచ్చ దీపం. దానిలోంచి సన్నటి గొట్టం ఒకటి తలగడ మీదకి వెళ్లి, అక్కడ రెండు పాయలుగా విడిపోయి ఉంది. ముక్కుకి తగిలించుకునే గొట్టం.

మంచం మీద ఎవరూ లేరు.

బాబాయికి నవ్వొచ్చింది. ఊపిరాడని వాళ్లకి గాలి అందించే మిషను. వీధంతా నాలుగేళ్లుగా వణికిపోతున్నది దీనికా అనుకున్నాడు. పెద్దావిడ గుర్తుగా వేసి ఉంచుకుంటోంది, అంతే. రాత్రి పడుకునేముందు ఇంట్లోంచి ఉన్న తలుపు గుండా వచ్చి వేస్తుంది, కూతురు నాలుగింటికి లేచేలోగా తీసేస్తుంది. మీటరు లెక్క సరిపోయింది. మనసు తేలికపడి, గోడకున్న పెద్ద ప్లగ్గులో చార్జరు గుచ్చాడు. కారులోంచి ఆ అమ్మాయి చెయ్యి ఊపింది.

అరగంట. ముప్పావుగంట. బాబాయి గోడకి ఆనుకుని కూచుని, చెయ్యి వైరు మీద పెట్టి వేడి చూస్తున్నాడు. పక్కన ఆ చప్పుడు అదే తీరుగా సాగుతోంది. వినగా వినగా తనకీ నిద్ర ముంచుకొచ్చిందట.

గంట కావస్తుండగా — లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే గోడ మీది స్విచ్చి టప్పుమని పడిపోయింది.

చీకటి. ఆకుపచ్చ దీపం పోయింది. మిషను ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. టార్చి ఎక్కడ పెట్టాడో చేతికి దొరకలేదు.

ఆ నిశ్శబ్దంలో... ఒక లాగుడు.

దాని వెనక ఫుస్సు రాలేదు.

మళ్లీ ఒక లాగుడు. ఈసారి గబగబా. మళ్లీ. తడబడుతూ, అందక... ఇంకోటి.

తన ఊపిరే అనుకున్నాడు. భయానికి తనే అలా రొప్పుతున్నానని నోరు గట్టిగా మూసుకున్నాడు. ఆ తర్వాత వినిపించిందా లేదా అని నేనడిగితే, బాబాయి జేబులో టెస్టరు తడుముకున్నాడు.

ఇంట్లోంచి గ్యారేజీలోకి ఉన్న తలుపు తెరుచుకుంది. పెద్దావిడ. చేతిలో దీపం లేదు. చెప్పుల్లేవు. టప్పుమన్న చప్పుడుకి లేచింది కాదు ఆవిడ, మిషను చప్పుడు ఆగినందుకు లేచింది. చీకట్లో తడుముకోకుండా వచ్చి, చార్జరు ప్లగ్గు ఊడబీకి, గోడ మీద స్విచ్చి ఎత్తింది. ఆకుపచ్చ దీపం వెలిగింది. మంచం పట్టె మీద కూచుని, ఖాళీ దుప్పటి మీద అరచెయ్యి ఆనించింది. ఆ చప్పుడు మెల్లగా దారికొచ్చే దాకా అలాగే కూచుంది.

అప్పుడు షట్టరు కింద సందులోంచి కారు వైపు చూసింది. అద్దాలు మూసే ఉన్నాయి.

"అమ్మాయి ఇక్కడికి రాలేదు కదా?" అంది.

రాలేదన్నాడు బాబాయి.

ఆవిడ గుసగుసగా చెప్పింది, అదీ ముక్కలు ముక్కలుగా. కూతురు ఉద్యోగంలో చేరడానికి ముందు రాత్రి అట. వాన. ఉతికిన యూనిఫారం ఆరలేదు. వాళ్ల నాన్న ఒక్కడే ఉంటాడని, ఆ పిల్ల ఇస్త్రీ పెట్టె తెచ్చుకుని ఇక్కడే, ఈ ప్లగ్గులోనే పెట్టుకుంది. కబుర్లు చెబుతూ ఇస్త్రీ చేసింది. ఆయన నిద్రపోయాక దీపం ఆర్పి, ఇంకా తడిగా ఉన్న చున్నీ ఒకటి పెట్టె కింద ఉంచి, ఆపడం మర్చిపోయి మేడ మీదకి వెళ్లి పడుకుంది. ఎప్పుడో స్విచ్చి పడిపోయింది. కరెంటు పోతే కాసేపు ఆదుకోవాల్సిన మిషను బ్యాటరీ అప్పటికే చచ్చిపోయి ఉంది. పెద్దావిడ లేచి వచ్చేసరికి...

ఆవిడ ఇస్త్రీ పెట్టె తీసేసి, స్విచ్చి ఎత్తి, ఆ తర్వాతే కూతుర్ని లేపిందట. నిద్రలోనే పోయారు, బాధ పడలేదు అని చెప్పిందట.

"నాలుగేళ్లుగా అదే నమ్ముతోంది. ఇప్పుడు కారు పెట్టి మళ్లీ ఈ స్విచ్చి పడితే... మళ్లీ దాని చేత్తోనే అవుతుంది నాయనా."

ఏం అవుతుందని బాబాయి అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయిందని చెప్పాడు.

బయటికి వచ్చి షట్టరు దించాడు. కూతురు అద్దం దించి ఏమైందంది. ఈ లైను పాతది, కారు బరువు మొయ్యలేదు, ఇక్కడ పెడితే ఇల్లు తగలబెట్టుకున్నట్టే అని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. లోపల ఆ చప్పుడేమిటని ఆ అమ్మాయి అడగలేదు. వినలేదో, వినీ అడగలేదో బాబాయికి ఇప్పటికీ తెలీదు.

రెండు రోజుల్లో పని పూర్తి చేశాడు. మీటరు దగ్గర్నుంచి ముందు గోడకి కొత్త వైరు, దానికంటూ వేరే స్విచ్చి, భూమిలోకి కొత్త ఎర్తు, వాన పడకుండా పైన చిన్న రేకు. ఇంట్లో ఏ లైనుకీ దానితో సంబంధం లేదు. పెట్టె బిగించిన మర్నాడు తెల్లారి నాలుగున్నరకి కారు నిండా చార్జింగుతో బయల్దేరిందని, ఆ అమ్మాయి ఫొటో పంపింది.

ఒక్క పని మిగిలింది. అది బాబాయిని ఎవరూ చెయ్యమనలేదు. ఎప్పుడైనా వీధిలో కరెంటే పోతే ఆ పెద్దావిడ నిద్రలేక కూచుంటుందని, ఆ మిషనుకి కొత్త బ్యాటరీ ఒకటి వేయిద్దామనుకున్నాడు. కూతురు డ్యూటీకి వెళ్లాక, పగటిపూట వెళ్లాడు. గ్యారేజీలో వెలుగుంది. మిషను ఆపి ఉంది. దుప్పటి ఎండలో ఆరేసి ఉంది. భయపడాల్సిందేమీ లేదు.

మిషను వెనక అంటించిన కాగితం మీద నంబరుంటే, దానికి ఫోను చేశాడు. అవతల అలాంటి మిషన్లు బాగుచేసే అతను. మోడలు అడిగాడు, చెప్పాడు. ఎన్ని గంటలు నడవాలన్నాడు, రాత్రికి ఆరు గంటలన్నాడు. పేషెంటు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తారో చెబితే దాన్ని బట్టి బ్యాటరీ చూద్దామన్నాడు.

పేషెంటు ఎవరూ లేరండీ, ఖాళీగానే నడుస్తుంది అన్నాడు బాబాయి.

అతను నవ్వాడు. ఆ మోడలు ఖాళీగా నడవదన్నాడు. ముక్కు దగ్గర ఎవరైనా ఊపిరి లాగితేనే, లాగినప్పుడల్లా ఒకసారి గాలి వదులుతుందట. నిమిషం పాటు ఎవరూ లాగకపోతే కూత పెట్టి తనంతట తనే ఆగిపోతుందట.

చెడిపోయి ఉంటే ఊరికే ఊదుతుందేమోనన్నాడు బాబాయి.

"చెడిపోతే ఊదడం మానేస్తుందండీ. ఊరికే మాత్రం ఊదదు." అవతల అతను పెన్ను తీసుకున్నట్టున్నాడు. "ఇంతకీ పేషెంటు ఊపిరి ఎలా ఉందండీ, వేగంగానా, నెమ్మదిగానా?"

బాబాయి ఆ రాత్రి గోడకి ఆనుకుని గంటసేపు విన్నాడు. చెప్పకుండా ఎలా ఉంటాడు.

"నెమ్మదిగానే ఉందండీ..." అన్నాడట. "హాయిగా నిద్రపోతున్న మనిషిలాగా."