నలభై తొమ్మిదో రోజు పిలుపు

ఫోనులో ఆడే ఆట మానేసినవాళ్ళని మళ్ళీ ఆటలోకి లాక్కురావడం తొమోయే ఉద్యోగం. ఒసాకాలో ఐదో అంతస్తు ఆఫీసులో కూర్చుని, ఆటలోని టీకొట్టు పిల్ల యుకినో గొంతుతో కబుర్లు రాసి పంపేది. మొదటి రోజు ముద్దుగా, "టీ కాచాను, రావా?" మూడో రోజు నిష్ఠూరం. ఏడో రోజు సగం తెరిచిన బహుమతి పెట్టె. మిగతా సగం తెరవాలంటే డబ్బు కట్టాలి. ఆమె రాతకి కరగనివాళ్ళు అరుదు. ఆ సంగతి తలుచుకుని మురిసిపోయేది కూడా.

ఆ మధ్యాహ్నం సెందాయ్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. హిరోసే అనే టాక్సీ డ్రైవర్ భార్య రాసింది.

"ఇరవై రెండో తారీకుకి మావారు పోయి నలభై తొమ్మిది రోజులు. ఆ సాయంత్రంతో ఆయన ఈ లోకం దాటిపోవాలి. మీ ఆట మాత్రం రోజూ పిలుస్తూనే ఉంది. పూజగూట్లో పెట్టిన ఆయన ఫోను వెలిగినప్పుడల్లా దీపం ఆరిపోతోంది. దయచేసి పిలవకండి. ఆయన్ని వెళ్ళనివ్వండి."

ఇరవై రెండు ఇవాళే. తొమోయే పై అధికారి నెజు దగ్గరికి పరుగెత్తింది.

"ఖాతా మూయాలంటే ఖాతాదారే అడగాలమ్మా," అన్నాడాయన తల ఎత్తకుండా. "పోయినాయన వచ్చి సంతకం పెడతాడా ఏంటి? ఉండనీ. ఆడేవాళ్ళ లెక్కలో ఒక తల."

మూడింటికి మరమ్మతుల కోసం ఆట మూసేశారు. ఆ రెండు గంటలూ ఆడేవాళ్ళెవరూ లోపలికి రాలేరు. ఆఫీసంతా కింద సమావేశానికి వెళ్ళింది. బయట వాన. గదిలో తడిసిన గొడుగుల వాసన, యంత్రాల సన్నని హోరు. నెజుకి చెప్పకుండానే ఆ ఖాతా చెరిపేద్దామని తొమోయే కూర్చుంది.

లోపల ఎంతమంది ఉన్నారో తెర మీద కనిపిస్తుంది. సున్నా ఉండాలి.

ఒకటి.

టీకొట్టు బల్ల దగ్గర ఒక బొమ్మ కూర్చుని ఉంది. నెత్తిన హిరోసే పేరు. పెట్టె తెరుస్తోంది... మూస్తోంది... మళ్ళీ తెరుస్తోంది...

తొమోయే కుర్చీ ముందుకి లాక్కుంది. ఆ బొమ్మకి రాసింది. "హిరోసే గారూ, వెళ్ళిపోండి. పొద్దుపోతోంది."

జవాబొచ్చింది. "వెళ్దామనే లేస్తున్నాను. లేచినప్పుడల్లా ఆ పిల్ల పిలుస్తోంది."

"ఆ పిల్ల లేదండీ. పిలిచింది నేను. క్షమించండి."

తెర మీద ఇంకో మాట పడింది.

"మీరా."

ఆమె ఖాతా చెరిపేసింది. అంకె సున్నాకి పడింది. బల్ల మీద తల వాల్చి ఏడ్చింది, భయానికో, సిగ్గుకో. కాసేపటికి తేరుకుని ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

"ఆపేశానమ్మా. ఇక పిలవం."

"అవును, ఫోను వెలగడం మానింది. దీపం నిలిచింది." ముసలావిడ గొంతు తేలికపడింది. "మేలు చేశావు తల్లీ..."

అంతలో ఆవిడ ఆగింది. ఏదో వింటున్నట్టుంది.

"నీ పక్కన ఎవరమ్మా?"

"ఎవరూ లేరండీ. ఒక్కదాన్నే."

"ఆ గొంతు సవరింపు నలభై ఏళ్ళు విన్నాను," ఆవిడ గుసగుసలాడింది. "పిలిచింది నువ్వని నీ దగ్గరికే వచ్చారు. వెనక్కి తిరగకు. ఆయన చేతికి ఫోను మాత్రం ఇవ్వకు తల్లీ, అందిందంటే ఇక ఈ లోకం దాటరు..."

తొమోయే ఫోనుని చెవికి గట్టిగా అదుముకుంది. వెనకనుంచి ఎవరో దాన్ని మెల్లగా, ఎంతో మర్యాదగా లాగారు.