పైపులో మూడు దెబ్బలు

టామ్సన్ షాఫ్ట్ దగ్గరికి పొద్దు గుంకాక మేకలు కూడా పోవని రాబర్ట్‌సన్‌పేటలో చెప్పుకుంటారు. చెప్పింది మేకల సొన్నప్ప. ఆయన పాలల్లో నీళ్ళెంతో, మాటల్లోనూ అంతే. కానీ ఈ ఒక్క మాట అందరూ నమ్ముతారు.

ఆ బంగారు గని మూసి ఇరవై ఏళ్ళు దాటింది. షాఫ్ట్, అంటే గనిలోకి దిగే నిలువు బావి, నోటికి సిమెంటు పలక వేసేశారు. లోపలంతా నీళ్ళే. అయినా సందెవేళ కింద నుంచి ఎవరో తడతారట…

గౌనిపల్లి నుంచి వచ్చిన మాల అనే అమ్మాయికి దెయ్యాలతో పని లేదు, గబ్బిలాలతోనే. షాఫ్ట్ దగ్గర బంగారం కోసం కొత్తగా డ్రిల్లు దించబోతున్నారు. ఆకుముక్కు గబ్బిలాలు ఉన్నాయో లేవో ఆమె చూసి రాయాలి. ఈ జిల్లాలో తప్ప లోకంలో ఎక్కడా లేని జాతి. ఉంటే డ్రిల్లు ఆగుతుంది. లేకుంటే తెల్లారేసరికి లారీ వస్తుంది. రెండు సాయంత్రాలు కాపలా కాసింది — ఒక్కటీ కనబడలేదు. ఇదే ఆఖరిది.

తోడుగా సెబాస్టియన్ వచ్చాడు. ఒకప్పుడు అదే షాఫ్టులో ఇంజన్ డ్రైవరు. షిఫ్టుకు మూడొందల మందిని ఇనుప కేజ్‌లో పాతాళానికి దించి, పైకి లాగిన మనిషి. రాత్రిపూట పెరట్లోకి పోవాలంటే మాత్రం భార్య ఫ్లోరాను లేపుతాడు.

చీకటి పడింది. మాల రికార్డరు పెట్టి కూర్చుంది. ఆకు కదలడం లేదు.

టక్… టక్… టక్.

పక్కనున్న పాత గాలి పైపులోంచి.

"ఇనుము చల్లారుతోంది అంకుల్," అంది మాల, తనకు తానే చెప్పుకున్నట్టు.

"చల్లారే ఇనుము లెక్కపెట్టి కొడతాదామ్మా?"

మళ్ళీ — టక్… టక్… టక్.

మూడంటే మనుషులు కేజ్ ఎక్కినారని గుర్తు, అని ఆయన గుసగుసగా చెప్పాడు. పైనుంచి మూడు కొట్టి బదులియ్యాలి. అప్పుడు కింద ఒకటి కొడితే లాగాలి. బదులియ్యకుండా మనిషిని చీకట్లో నిలబెట్టకూడదు.

మాల వద్దనేలోపే రాయి తీసి పైపు మీద మూడు కొట్టాడు.

వెనక ముళ్ళకంప కదిలింది…

కంప చాటునున్న గాలి సొరంగంలోంచి నల్లగా ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కకందనన్ని — రెక్కల గాలి మాల చెంపలకు కొట్టింది. రెండు రోజులూ ఆమె పలక ముందే కూర్చుంది. వాటి వాకిలి వెనక ఉంది.

"ఇవే మీ దెయ్యాలు అంకుల్." నవ్వింది మాల.

సెబాస్టియనూ నవ్వాడు. ఇల్లు చేరేలోపల, గబ్బిలాల్ని తానే కనిపెట్టానని దారిలో ముగ్గురికి చెప్పాడు.

ఫ్లోరా టీ ఇచ్చింది. మాల రిపోర్టు మొదలుపెడుతూ రికార్డింగు వినిపించింది. మూడు దెబ్బలు. మళ్ళీ మూడు. సెబాస్టియన్ రాయి మూడు. తర్వాత రెక్కల హోరు… అది సన్నగిల్లాక —

టక్.

ఒక్కటే.

సెబాస్టియన్ కుడిచెయ్యి దానంతట అదే లేచింది. ఎప్పుడో తుక్కుకు అమ్మేసిన ఇంజను లివరును గాలిలో పట్టుకుంది. మెల్లగా, చాలా బరువుగా వెనక్కి లాగింది.

"గబ్బిలాలనే రాయమ్మా," అన్నాడు, కళ్ళు తిప్పకుండా. "డ్రిల్లు మాత్రం దించనీయొద్దు… నేనింకా లాగతా ఉండాను."